గొంతు దిగే ముద్ద



మన అనంతపురం పల్లెల్లో రాగిసంగటిని నమిలి తినేవాళ్ళు అరుదు. ముద్దలోంచి చిన్న తునక తుంచుకుని, వేళ్ళతో నున్నగా చేసి, పులుసులో అద్ది, నోట్లో వేసుకుని అట్లే మింగుతారు. నమిలితే పంటికీ అంగిటికీ అంటుకుంటుంది. అందుకే పిల్లలకు సంగటి పెట్టేటప్పుడు అవ్వలు "నమలొద్దు నాయనా, మింగు" అని నేర్పుతారు. పొద్దున సంగటి తిని చేనికి పోయిన మనిషి మధ్యాహ్నం దాకా ఆకలి అనకుండా పని చేస్తాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ మెట్టభూముల్లో రాగులు, కొర్రలు, జొన్నలు, శెనక్కాయలే కదా మనల్ని నిలబెట్టినవి.

అట్లా జీవితమంతా సంగటి మింగిన గొంతుకు ఒకరోజు మింగడం చేతకాకుండా పోతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొందరికి నెలలు, ఏళ్ళు ఉండిపోతుంది. పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్ళు, మతిమరుపు ముదిరినవాళ్ళు, గుట్కా, పొగాకు వల్ల నోటికో గొంతుకో క్యాన్సర్ వచ్చి రేడియేషన్ చేయించుకున్నవాళ్ళు, పుట్టుకలోనే మెదడు దెబ్బతిన్న పిల్లలు, వీళ్ళందరి ఇళ్ళల్లోనూ ఇదే కష్టం. ఈరోజు నా మాటలు అలాంటి ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడే మనిషి కోసం.

ఆసుపత్రి నుంచి మనిషిని ఇంటికి తెచ్చుకున్నాక చాలాచోట్ల జరిగేది ఒకటే. మూడు పూటలా గంజి. లేదంటే పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు. లేదంటే అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి మిక్సీలో వేసి తిప్పిన, రంగూ రూపూ లేని ముద్ద. రెండు రోజులు తింటారు, మూడోరోజు నోరు తెరవరు. ఆకలి చచ్చిపోయిందని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆకలి ఉంటుంది, ఆ గిన్నె చూస్తేనే విసుగు.

మన పెద్దవాళ్ళకు గంజి అంటే ఇంకో బాధ కూడా ఉంది. 1950ల మొదట్లో వచ్చిన కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచాయి. ఆ రోజులు చూసినవాళ్ళు, అమ్మానాయనల నోట విన్నవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకు గంజి కరువుకూడే. మా అత్తమ్మ పక్షవాతంతో మంచంలో ఉన్నప్పుడు గంజి గిన్నె కనబడితే మొహం గోడవైపు తిప్పుకునేది. పుంటికూర పప్పు మెత్తగా మెదిపి, జాలిలో వడగట్టి, చెంచా కొసన పెడితే మాత్రం ఆమే నోరు తెరిచేది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. మారాల్సింది తిండి చిక్కదనం, మెత్తదనం. ఉప్పు, పులుపు, కారం, పోపు వాసన, పండగనాడు పండగ తిండి, వీటన్నిటినీ తీసెయ్యాల్సిన అవసరం చాలామందికి లేదు.

ముందు గొంతులో ఏం జరుగుతుందో తెలుసుకుందాం. నోటి వెనక దారి ఒకటే. కొంచెం కిందికి పోతే రెండుగా చీలుతుంది. ముందువైపు గాలిగొట్టం, వెనకవైపు అన్నవాహిక. మింగేటప్పుడు సుమారు ఒక్క సెకనులో ఎన్నో కండరాలు కలిసి పనిచేసి, గాలిగొట్టాన్ని మూసి, ముద్దను వెనకదారిలోకి మళ్ళిస్తాయి. చేనికి నీళ్ళు కట్టేవాళ్ళకు తెలుసు, మడవ తిప్పడం కాస్త ఆలస్యమైతే నీళ్ళు పక్క మడిలోకి పోతాయి. పక్షవాతం తగిలిన గొంతులో ఆ మడవ ఆలస్యంగా తిరుగుతుంది. అందుకే ఎంత పలచనిదైతే, ఎంత వేగంగా జారేదైతే, అంత ప్రమాదం. అన్నిటికన్నా పలచనివి మంచినీళ్ళు. "ఏమీ తినలేకపోతున్నాడు, కనీసం నీళ్ళన్నా తాగిద్దాం" అని మనం చెంబెత్తుతాం చూడండి, చాలామందికి ముప్పు అక్కడే ఉంది.

చెంబు ఎత్తి తాగడం మన అలవాటు. పెదవికి తగలకుండా, తల వెనక్కి వాల్చి, పైనుంచి ధారగా పోసుకుంటాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు. మింగడం కష్టమైనవాళ్ళకు ఇంతకంటే ప్రమాదమైన పద్ధతి ఇంకొకటి లేదు. తల వెనక్కి వాలితే గాలిగొట్టం తెరుచుకుంటుంది, నీళ్ళేమో ఆగకుండా పోతుంటాయి. ఈ ఒక్క అలవాటును ఆ మనిషి దగ్గర ఈరోజే మాన్పించండి.

మింగుడు సరిగా లేదని ఎట్లా తెలుస్తుంది? తినేటప్పుడు, తాగేటప్పుడు దగ్గు వస్తుంది, పొలమారుతుంది. మింగినాక గొంతు గురగురమంటుంది. రెండు ముద్దలైనాక "ఆ" అనమని అడగండి, గొంతులో తడి చప్పుడు వినిపిస్తే లోపల ఏదో నిలిచిందని అర్థం. చచ్చుపడిన వైపు బుగ్గలో అన్నం దాగి ఉంటుంది. భోజనానికి గంట పడుతుంది. బరువు తగ్గుతుంది. మాటిమాటికీ జ్వరం, ఆయాసం వస్తాయి, అది ఊపిరితిత్తుల్లోకి తిండి పోవడం వల్ల వచ్చే న్యుమోనియా కావచ్చు. ఇంకొక సంగతి మరీ జాగ్రత్తగా వినండి. కొందరికి దగ్గు కూడా రాదు. గొంతులో స్పర్శ తగ్గిపోయి, తిండి గాలిగొట్టంలోకి జారినా శరీరం కనిపెట్టదు. కాబట్టి దగ్గు లేదు కదా అని ధైర్యపడొద్దు.

అందుకే ఏ చిక్కదనం ఎవరికి సరిపోతుందో తేల్చాల్సింది వైద్యులు, మింగుడు పరీక్షించే స్పీచ్ థెరపిస్టులు. మాట పోయినవాళ్ళకు మాట నేర్పేవాళ్ళే మింగుడునూ సరిచేస్తారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు దేశంలో పెద్ద కేంద్రం. మనవాళ్ళు నరాల జబ్బులకు ఎట్లాగూ బెంగళూరు నిమ్హాన్స్‌కు పోతూనే ఉంటారు. పోయినప్పుడు "మింగుడు పరీక్ష కూడా చెయ్యండి" అని నోరు తెరిచి అడగండి. ముక్కులో గొట్టం పెట్టి పంపినవాళ్ళకు, వైద్యులు సరే అనేదాకా, ప్రేమకొద్దీ కూడా నోట్లో ఏమీ పెట్టొద్దు.

ఇక వంటింట్లోకి వద్దాం.

మన సంగటి ఈ మనిషికి ఎందుకు పనికిరాదో చూడండి. అది జిగురు. ముద్దగా గొంతులో అతుక్కుంటే దగ్గి బయటికి తెచ్చే బలం ఉండదు. పైగా అందులో అన్నం మెతుకులు ఒక తీరు, పిండి ఒక తీరు. అదే రాగిపిండిని చల్లనీళ్ళలో ఉండ లేకుండా కలిపి, మరిగే ఎసట్లో సన్నధారగా పోస్తూ, సన్న సెగమీద పచ్చివాసన పోయేదాకా గెలుకుతూ ఉంటే నున్నటి జావ వస్తుంది. దాన్ని స్టీలు జాలిలో గరిటెతో అదిమి వడగట్టండి. చెంచా నిండా తీసి వంచితే మొత్తం ఒక్క ముద్దగా జారాలి, చెంచాకు అంటుకుని వేలాడకూడదు, నీళ్ళలా కారకూడదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మంచం పట్టిన ఎముకలకు అది చిన్న సాయం కాదు.

తాగే జావ ఎంత చిక్కగా ఉండాలో కొలిచేదానికి చాలా దేశాల నిపుణులు కలిసి సున్నా నుంచి ఏడు దాకా మెట్లు ఏర్పరిచారు. ఐడీడీఎస్‌ఐ అంటారు. దాని పరీక్ష మన ఇంట్లోనూ చెయ్యొచ్చు. మందులషాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి తెచ్చుకోండి. సున్నా నుంచి పది గీత దాకా 61.5 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి, స్కేలు పెట్టి చూసుకోండి. సూది వద్దు. లోపలి కడ్డీ తీసేసి, కింది రంధ్రాన్ని వేలితో మూసి, పది గీత దాకా జావ పోయండి. వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టి మళ్ళీ మూసెయ్యండి. మంచినీళ్ళైతే అంతా కారిపోతుంది. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే ఒకటో మెట్టు, 4 నుంచి 8 మిగిలితే రెండోది, 8 కన్నా ఎక్కువ మిగిలితే మూడోది. అసలు జారకపోతే అది చెంచాతో తినే నాలుగో మెట్టు. డాక్టరు "రెండో మెట్టు ఇవ్వండి" అంటే ఇక మీకు ఊహతో పని లేదు.

ఈ పరీక్షను ఇచ్చే వేడిలోనే చెయ్యండి. పొయ్యి మీద పలచగా ఉన్న జావ చల్లారితే గట్టిపడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఎంగిలిలో పిండిని కరిగించే రసం ఉంటుంది. నోట్లో పెట్టిన చెంచాను మళ్ళీ గిన్నెలో ముంచుతూ పోతే, సగం అయ్యేసరికి గిన్నెలో జావ నీళ్ళవుతుంది. మొదటి చెంచాకు రాని దగ్గు ఆఖరి చెంచాలకు ఎందుకు వస్తుందో చాలా ఇళ్ళల్లో అర్థం కాకపోవడానికి ఇదొక కారణం. పెద్ద గిన్నెలోంచి చిన్న కప్పులోకి కొంచెం కొంచెం తీసుకుని పెట్టండి.

మే నెలలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళకు భయపడే మనిషి ఆ ఎండలో ఎండిపోతాడు. నాలుక పొడిబారడం, మూత్రం ముదురు పసుపులో రావడం, ఉన్నట్టుండి తికమక మాటలు మాట్లాడటం గుర్తులు. చిక్కని నీళ్ళు ఎవరికీ ఇష్టం ఉండవు, అందుకే తక్కువ తాగుతారు. కాబట్టి రుచి ఉన్న తడి ఇవ్వాలి. పులిసిన రాగి అంబలిని వడగట్టి, మజ్జిగ, ఉప్పు, జీలకర్ర పొడి వేసి నున్నగా చిలికి, సిరంజిలో కొలిచి ఇవ్వండి. సగ్గుబియ్యం పూర్తిగా కరిగేదాకా ఉడికించి వడగట్టి, దాంట్లో నిమ్మరసం, బెల్లం కలపండి. గంటకోసారి కొద్దికొద్దిగా ఇస్తూ, రోజుకు ఎన్ని కప్పులు పోయిందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి.

రుచి సంగతికి వస్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పోపు లేని పప్పు మన నోటికి పప్పే కాదు. కానీ ఆవగింజ, కరివేపాకు, ఎండుమిరప తొక్క గొంతులో చిక్కుకుంటాయి. దీనికో ఉపాయం ఉంది. చిన్న గరిటెలో నెయ్యి కాచి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, చితక్కొట్టిన తెల్లగడ్డ, కరివేపాకు వెయ్యండి. చిటపటలాడి తెల్లగడ్డ ఎర్రబడినాక స్టీలు జాలిలో వడగట్టి, ఆ నెయ్యిని మాత్రమే పప్పులో వేసి బాగా కలపండి. ఒక్క గింజ పడదు, వాసన మాత్రం వసారా దాకా వస్తుంది. ఆ వాసనకే నోట్లో నీళ్ళూరుతాయి. మంచం మీది మనిషి "ఏం చేస్తున్నావు?" అని అడుగుతుంది.

కారం, పులుపు రోగికి విషమని ఒక నమ్మకం ఉంది. శాస్త్రం చెప్పేది వేరు. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు కాప్సైసిన్. అది కొద్ది మోతాదులో మింగే స్పందనను త్వరపెడుతుందని 1990ల్లో జపాన్ తోహోకు విశ్వవిద్యాలయ వైద్యులు చూపించారు. పుల్లటి ముద్ద నోట్లో పడితే నరాల జబ్బు ఉన్నవాళ్ళలో మింగడం తొందరగా మొదలవుతుందని అమెరికాలో జెరి లోగెమన్ బృందం 1995లో ప్రచురించింది. చింతపండు, పుంటికూర, మిరపకాయ, మన సీమ రుచులన్నీ ఆ జాబితాలో ఉన్నట్టే కదా. అయితే ఘాటు దగ్గు తెప్పించేంత ఉండకూడదు. రేడియేషన్ వల్ల నోరు పుండైనవాళ్ళకు కారం, పులుపు రెండూ వద్దు. రక్తపోటు ఉన్నవాళ్ళకు ఉప్పు డాక్టరు చెప్పినంతే.

శెనక్కాయలు లేకుండా మన వంట జరగదు. పలుకు పలుకుగా ఉన్న శెనక్కాయ విత్తనం ఈ మనిషికి ప్రాణాపాయం. గట్టి ముద్దగా నూరితే జిగురై అంగిటికి అంటుకుంటుంది. విత్తనాలను రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, నీళ్ళు పోసి మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టి, ఆ పాలను కాచుకోండి. జావ కాచేటప్పుడు నీళ్ళకు బదులు ఈ పాలు పోస్తే కమ్మదనమూ వస్తుంది, బలమూ వస్తుంది. మిక్సీలో తిప్పేటప్పుడు నీళ్ళు పోస్తూ పోతే కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టేది తగ్గుతుంది. అందుకని పలచన చెయ్యాల్సి వస్తే పాలో, పప్పుకట్టో, శెనక్కాయ పాలో పోయండి, పైన చెంచాడు నెయ్యి వెయ్యండి. ఊరిబిండి కావాలంటే, వడగట్టకముందు ఇదే రుబ్బులో వేయించిన మిరపకాయ, చింతపండు గుజ్జు, ఉప్పు కలిపి జాలి పట్టించండి, ఆ రుచే వస్తుంది.

నాటుకోడి పులుసు కూడా మానక్కర్లేదు. ముక్కను ఎముక నుంచి విడిపోయేదాకా ఉడికించి, ఎముకలన్నీ చేత్తో తడిమి తీసేసి, మాంసాన్ని పులుసుతోపాటు మెత్తగా రుబ్బి, జాలిలో అదమండి. జావ గిన్నె పక్కన ఇంకో గిన్నెలో పెట్టండి. రెండూ ఒకే చిక్కదనంలో ఉండాలి. ఒకటి గట్టిగా, ఒకటి నీళ్ళుగా ఉంటే నోరు రెండిటినీ ఒకేసారి సంబాళించలేదు. సాంబారులో నానిన ఇడ్లీ, రసంలో తేలే అన్నం, పాలల్లో బ్రెడ్డు అందుకే ప్రమాదం.

కాల్చిన వంకాయను తొక్క తీసి, గింజలు వడగట్టి పచ్చడి చెయ్యొచ్చు. బొప్పాయి, బాగా పండిన మామిడిని నార లేకుండా గుజ్జు చెయ్యొచ్చు. ఉగాదినాడు ఓళిగ పెట్టలేం గాని, దాంట్లోని పూర్ణాన్ని నెయ్యి, పాలతో జారుగా చేసి యాలకుల పొడి వేసి పెడితే పండగ నోటికి తెలుస్తుంది. ఉగ్గాని మాత్రం వద్దు. బొరుగులు నోట్లో చెదిరి గొంతంతా పరుచుకుంటాయి. ఉగ్గాని మీద మరీ మనసు పోతే ఎర్రగడ్డ, టమాటా, పచ్చిమిరప, పసుపు మగ్గబెట్టి రుబ్బి వడగట్టి, పప్పులపొడి కలిపి ఉడికించి, దించినాక నిమ్మకాయ పిండండి. పొడిగా ఏ పొడీ నోట్లో వెయ్యొద్దు. చీనీకాయ తొనలు, కలంగడి నోట్లో పడగానే నీళ్ళు చిమ్ముతాయి, ఐస్‌క్రీము కరిగి నీళ్ళవుతుంది. అవీ వద్దు.

కొందరికి మిక్సీలో తిప్పక్కర్లేదు, మెత్తటి ముక్కలు తినొచ్చని చెబుతారు. అప్పుడు ముక్క ఒకటిన్నర సెంటీమీటరుకు మించకూడదు. బొటనవేలి గోరు తెల్లబడేంతగా నొక్కితే అది చితికిపోవాలి, వేలు తీస్తే మళ్ళీ పైకి లేవకూడదు.

ఏది చేసినా దయచేసి అన్నీ ఒకటిగా కలపొద్దు. పప్పు పసుపుగా, పుంటికూర పచ్చగా, పెరుగు తెల్లగా వేరువేరుగా పళ్ళెంలో పెట్టండి. ఏది ముందు తినాలో ఆ మనిషే చెప్పనీ. మాట రాకపోతే కళ్ళతో చెబుతారు.

పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, వీపు వెనక దిండ్లు ఆనించండి. మీరు ఎదురుగా, వాళ్ళ కళ్ళ ఎత్తులో కూర్చోండి. నిలబడి పెడితే వాళ్ళు తల పైకెత్తాల్సి వస్తుంది. చిన్న చెంచా, సగం నిండుగా. ఒకటి మింగినాకే ఇంకొకటి. టీవీ కట్టెయ్యండి. తిన్న తర్వాత వేలికి గుడ్డ చుట్టి బుగ్గలో తుడవండి, అరగంట పడుకోనివ్వద్దు. పొద్దున, రాత్రి నోరు శుభ్రం చెయ్యడం మరువకండి. నోట్లో క్రిములు ఎంగిలితోపాటు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి. మాత్రలను జావలో పెట్టి ఇవ్వొచ్చేమో డాక్టరును అడగండి. కొన్ని మాత్రలు నూరితే ప్రమాదం. ముద్ద అడ్డుపడి ఊపిరి, మాట, దగ్గు ఆగిపోతే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేత్తో అయిదు దెబ్బలు గట్టిగా వెయ్యండి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కండి. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి.

చివరిగా, వానల్లేక, పనుల్లేక బెంగళూరుకు పోయిన కొడుకులకు, కూతుళ్ళకు ఒక మాట. ఊర్లో మీ నాయనకు పక్షవాతం వస్తే చూసుకునేది డెబ్బై ఏళ్ళు పైబడిన మీ అమ్మే. ఫోన్ చేసినప్పుడు "తిన్నాడా?" అని ఒక్క మాట అడిగి పెట్టెయ్యకండి. ఏం తిన్నాడు, ఎంతసేపు పట్టింది, దగ్గు వచ్చిందా, ఈ నెల బరువెంత అని అడగండి. ఈసారి ఊరికి వచ్చేటప్పుడు ఒక మంచి మిక్సీ, ఒక స్టీలు జాలి, నాలుగు సిరంజిలు తీసుకురండి. ఉన్న నాలుగు రోజులూ వంట మీరు చెయ్యండి, మీ చేత్తో పెట్టండి. ఆ నాలుగు రోజులన్నా మీ అమ్మ పక్కన కూర్చుని వేడివేడి సంగటి తింటుంది.